మావయ్య నెత్తిన ఒట్టు

ముందే చెప్పేస్తాను, నేను బతికాను. మా మావయ్య బతకలేదు. ఆయన పేరు రాజరత్నం, అమ్మకి సొంత తమ్ముడు. అసలు సంగతి చివరిదాకా దాచి, అప్పుడు బయటపెట్టి ఏడిపించే పద్ధతి నాకు అసహ్యం. ఈ ఏడాది నాకు అసహ్యం పుట్టించినవాటి జాబితాలో అది బాగా కిందే ఉంటుంది గానీ, ఉంటుంది.

రాయమన్నది నన్ను చూసిన ఆసుపత్రి డాక్టరమ్మ. రాస్తే మనసు కుదుటపడుతుందంది. మా రూమ్‌లో ఉండే బాషా భాయ్ వద్దన్నాడు. ఆయనది కడప, కంపెనీ బస్సు డ్రైవరు. "కుదుటపడాలంటే పండుకో అబ్బా. రాస్తే చేతులు నొస్తాయి, అంతే" అన్నాడు. ఇద్దరి మాటా సగం సగం విన్నాను, పడుకుని రాస్తున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. అమ్మ ప్రతి శుక్రవారం నన్ను సాక్ష్యం చెప్పమంటోంది. ప్రార్థన కూడికలో నలుగురి ముందు నిలబడి, దేవుడు నన్నెలా బాగు చేశాడో చెప్పాలి. అమ్మకి నేను చెప్పాల్సింది ఒకటి ఉన్న మాట నిజమే. అది ఆ సాక్ష్యం కాదు. నాలుగు నెలలు అది గొంతులోనే పెట్టుకుని తిరిగాను.

మే

మా లేబర్ క్యాంపు ఒమాన్‌లో, అల్ అమెరాత్ అనే చోట ఉంది. వెనక కొండలు, ముందు సగం లేచిన విల్లాలు, మధ్యలో మేము. మావయ్య షట్టరింగ్ కార్పెంటరు, అంటే కాంక్రీటుకి చెక్క అచ్చులు బిగించేవాడు, పదకొండేళ్ళ సర్వీసు. నేను హెల్పర్ని. పాస్‌పోర్టు ప్రకారం నాకు ఇరవై రెండు, అమ్మ లెక్కలో పంతొమ్మిది. ఆ మూడేళ్ళూ ఏజెంటు కానుక. అమ్మ బౌషర్‌లో ఒకరింట్లో వంటా, పిల్లల పనీ చేస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలు ఆవిడకి సెలవు. ఆ మూడు గంటలూ ముగ్గురం ప్రార్థన కూడికలోనే గడిపేవాళ్ళం. మావయ్య వాక్యం చెప్పేవాడు, నేను పాటలు పాడించేవాణ్ణి, అమ్మ ఏడ్చేది. ఎవరి డ్యూటీ వాళ్ళది.

జోకులేసేవాడికి దేవుడి మీద నమ్మకం ఉండదని అందరూ అనుకుంటారు. నాకుండేది. బస్సులో కిటికీకి తల ఆనించి, పెదాలు కదలకుండా ఆయనతో మాట్లాడుతూ సైట్‌కి వెళ్ళేవాణ్ణి. ఆయనకి కూడా జోకులే చెప్పేవాణ్ణి. నవ్వుతున్నాడనే అనుకునేవాణ్ణి.

ఆ నెలలో కుళాయి నీళ్ళు వాసన వేయడం మొదలైంది. మొదట తుప్పు వాసన, తర్వాత తడిసిన కోళ్ళగూడు వాసన. క్యాంప్ బాస్‌కి చెప్పాం. ఆయన ఒక గ్లాసు పట్టుకుని వెలుతురుకి పెట్టి చూశాడు. వాసన మాత్రం చూడలేదు. "మాఫీ ముష్కిల్" అన్నాడు, అంటే ఏ ఇబ్బందీ లేదని. ఆయనకి లేదు, నిజమే. ఆయన సీసా నీళ్ళు తాగుతాడు.

ఎవరికీ చెప్పకుండా బాషా భాయే నిచ్చెన వేసుకుని పైకెక్కి, ట్యాంకు మూత పక్కకి జరిపాడు. కిందికి వచ్చి చేతులు ఇసుకలో రుద్దుకున్నాడు.

"ఏముంది భాయ్?"

"పావురాలు."

"ఎన్ని?"

"లెక్కపెట్టేట్టు లేవు సామీ."

అన్ని వారాలుగా ఆ నీళ్ళతోనే పళ్ళు తోముకున్నాం, బియ్యం కడుక్కున్నాం, ప్రార్థనకి ముందు మొహం కడుక్కున్నాం. ఇప్పటికీ గ్లాసు ఎత్తితే ముందు వాసన చూస్తాను. హోటల్లో పక్కవాళ్ళు నన్ను వింతగా చూస్తారు. చూడనీ.

పసరు

మొదట పడిపోయింది ప్లంబర్లు ఇద్దరు. కళ్ళు పసుపు ముద్దలు. కంపెనీ వాళ్ళని ఆసుపత్రికి పంపి, కోలుకోగానే టికెట్ చేతిలో పెట్టి ఊరికి పంపేసింది. దాంతో క్యాంపులో ఎవరికీ కామెర్లు రావడం మానేశాయి. అంటే, వచ్చినట్టు చెప్పడం మానేశారు.

అప్పుడే అందరికీ మావయ్య గుర్తొచ్చాడు.

గోదావరి జిల్లాల్లో ప్రతి నాలుగూళ్ళకీ కామెర్లకి పసరు పోసే ఇల్లు ఒకటి ఉంటుంది. మా వైపు అది తాతయ్య ఇల్లు. ఆదివారం పొద్దున్నే పరగడుపున వరసలో కూర్చోబెట్టి, ఆకు నలిపి, రసం పిండి పోసేవాడు. ఉప్పూ నూనే లేని పథ్యం చెప్పేవాడు. తాతయ్య పోయాక ఆ హస్తవాసి మావయ్యకి వచ్చిందని ఊరంతా నమ్మింది, మావయ్య ఊరికంటే ఎక్కువ నమ్మాడు. మేం క్రైస్తవులం కాబట్టి మంత్రం బదులు ప్రార్థన ఉండేది. మిగతాదంతా మామూలే.

అల్ అమెరాత్ వాగులో ఆ ఆకు లాంటిదే ఒకటి మావయ్యకి కనిపించింది. అదో కాదో నాకిప్పటికీ తెలియదు. పేరు రాయను, రాస్తే రేపు పొద్దున్నే ఎవరో ఒకరు సంచీ పట్టుకుని వెళతారు. శుక్రవారం పొద్దున మావయ్య పిండేవాడు, నేను నలిపి ఇచ్చేవాణ్ణి, చివర్లో ఆమెన్ అనేవాణ్ణి. తొమ్మిది మందికి పోశాం. తొమ్మిది మందీ బాగయ్యారు.

ఇక్కడ ఒక మాట. కామెర్లు వచ్చినవాళ్ళలో చాలామంది ఏ మందూ లేకపోయినా కొన్ని వారాలకి లేచి తిరుగుతారు, ఇది డాక్టరమ్మ చెప్పింది. లేచే సమయానికి పక్కన ఎవరుంటే పేరు వాళ్ళకి. ఆ రోజు నాకీ సంగతి తెలియదు. తొమ్మిది మందీ కూడికలో వరసగా నిలబడి సాక్ష్యం చెప్పారు. నేను పాట అందుకున్నాను. అంత బాగా నేను ఎప్పుడూ పాడలేదు. తలుచుకుంటే ఇప్పుడు వాంతి వస్తుంది, మాటవరసకి అనడం కాదు.

పసరు పోసే ఇంటికి ఒక నియమం ఉంది. ఆ చెయ్యి గలవాడు కామెర్లకి ఇంగ్లీషు మందు ముట్టకూడదు. ముడితే చెయ్యి పోతుంది. అంతే కాదు, ఆయన పోసినవాళ్ళందరికీ రోగం తిరగబెడుతుంది. తాతయ్య ఈ మాట వందసార్లు చెప్పగా విన్నాను. వైద్యుడి గొప్ప కోసం పుట్టిన మాట అనుకున్నాను. అది వైద్యుడి మెడకి తాడు అని తట్టలేదు.

జూన్

జూన్ వచ్చాక మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఎండలో పని ఆపాలి, అది ఇక్కడి చట్టం. ఆ మూడు గంటలూ సగం కట్టిన విల్లా లోపల ప్లైవుడ్ ముక్కల మీద పడుకుంటాం. అప్పటికి నాకు నాలుగు రోజులుగా ఒంట్లో బాగోలేదు. జ్వరం కంటే ఘోరం అసహ్యం. అన్నం వాసన అసహ్యం, చెమట వాసన అసహ్యం, పక్కవాడు నమిలే చప్పుడు అసహ్యం. ఎవరో పప్పు డబ్బా మూత తీస్తే బయటికి పరిగెత్తి కక్కాను.

మావయ్య వెనకే వచ్చాడు. మొహం కడుక్కోమని సీసా ఇచ్చి, తన మొహం కూడా కడుక్కోవడానికి నల్ల కళ్ళద్దాలు తీశాడు. సైట్‌లో అందరం పెట్టుకునేవే అవి. ఆయన కళ్ళు అప్పుడు చూశాను.

"నీక్కూడానా మావయ్యా?"

"గట్టిగా అనకు."

"ఎప్పటినించి?"

"వారం అవుద్ది. పసరు పోసుకున్నాలే. తగ్గుద్ది."

"ఆసుపత్రికి పోదాం పద. ఇద్దరం పోదాం. పక్కపక్క మంచాలడుగుదాం, కిటికీ పక్కది నీకు."

ఆయన నవ్వలేదు. "నేను ఆ మందు ముడితే ఆ తొమ్మిది మందికీ తిరగబెట్టుద్దిరా. పిల్లలు గలోళ్ళు."

"అది తాతయ్య చెప్పే మాట కదా."

"మరి చెయ్యి ఎవరిచ్చింది? తాతయ్యే గదా. చెయ్యి నిజం, మాట అబద్ధమా?"

నేనూ అదే చేతికి ఆకు నలిపిచ్చాను కదా.

అప్పుడు ఆయన నా కుడిచెయ్యి పట్టుకుని తన నెత్తి మీద పెట్టుకున్నాడు. జుట్టు ఎండకి కాలుతోంది. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్."

"ఒట్లు పెట్టుకోవద్దని నువ్వే గదా వాక్యం చెప్పావు, పోయిన నెల."

"అల్లుడూ. ఒట్టెయ్."

మా వైపు ఎవరి నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేస్తామో, అది తప్పితే వాళ్ళు పోతారు. దీనికి హిందువులూ క్రైస్తవులూ తేడా లేదు. ఒట్టేశాను.

క్యూ

అప్పటికి జబ్బు దాచుకుంటున్నారని కంపెనీకి తెలిసిపోయింది. తెల్లారగట్ల బస్సెక్కే ముందు అందరినీ వరసలో నిలబెట్టి కళ్ళు చూడటం మొదలుపెట్టారు. పచ్చకళ్ళు ఉంటే పక్కకి. మామూలుగా ఉంటే బస్సులోకి. పక్కకి వెళ్ళినవాళ్ళు తల వంచుకుని నిలబడేవాళ్ళు, దొంగతనం చేసి దొరికినట్టు. బస్సెక్కినవాళ్ళు కిటికీల్లోంచి వాళ్ళ వైపు చూసేవాళ్ళు కాదు. నేనూ చూడలేదు. మొదటి మూడు రోజులు ఫిట్టు వరసలో ఉన్నవాడికి అన్‌ఫిట్టు వరస ఎంత అసహ్యంగా కనిపిస్తుందో నాకు తెలుసు. రాయడానికి సిగ్గుగా ఉంది, రాస్తున్నాను.

ఇందులో గొప్ప విషయం ఏంటంటే, కళ్ళు చూసే పని క్యాంప్ బాస్ మావయ్యకే అప్పగించాడు. "తుమ్హీ తో డాక్టర్ హో" అన్నాడట, వైద్యుడివి నువ్వే కదా అని. మావయ్య నల్లద్దాలు పెట్టుకుని, ఫోన్ లైటు పట్టుకుని, ఒక్కొక్కరి కింది రెప్ప లాగి చూసేవాడు. చూసేవాడి కళ్ళు ఎవరు చూస్తారు?

ఒట్టేసిన మర్నాడు మళ్ళీ నా వంతు వచ్చింది. మావయ్య వదిలేస్తాడనే అనుకున్నాను, చాలామందిని వదిలేసేవాడు కాబట్టి. రెప్ప లాగాడు. లైటు వేశాడు. నా భుజం పట్టుకుని వరసలోంచి పక్కకి లాగి, "యే భీ" అన్నాడు. వీడు కూడా.

"మావయ్యా" అన్నాను.

"ఎల్లు. సూదేయించుకో. సెప్పినట్టు ఇను." తర్వాత గొంతు తగ్గించి, "గుర్తుందిగా" అన్నాడు.

కోపం వచ్చింది. సొంత మేనమామే నన్ను వరసలోంచి తీసేశాడని కోపం. ఆయన తన కోసం దేవుణ్ణి నమ్ముకున్నాడనీ, నా కోసం మాత్రం డాక్టర్ని నమ్ముకున్నాడనీ నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. అంత పెద్ద విశ్వాసికి నా విషయం వచ్చేసరికి అనుమానం వచ్చింది. ఆ అనుమానం వల్లే నేను ఇప్పుడు ఇది రాయగలుగుతున్నాను.

ఆసుపత్రి, నాలుగు రోజులు

బౌషర్‌లో పెద్దాసుపత్రి. ముందు వెయిటింగ్ హాలు. చల్లగా, శుభ్రంగా, ఎవరూ గట్టిగా మాట్లాడని చోటు. నేను దాన్ని పాడు చేశాను, రెండుసార్లు. తుడవడానికి వచ్చినాయన ఏమీ అనకుండా నా కాళ్ళ దగ్గర ప్లాస్టిక్ బక్కెట్టు పెట్టి, దాన్ని నా వైపు కొంచెం జరిపి వెళ్ళిపోయాడు. ఈ మొత్తం కథలో నాకు పూర్తిగా నచ్చిన మనిషి ఆయనే.

వార్డులో పక్క మంచం మీద ఒమానీ పెద్దాయన. ఆయన కొడుకు రోజూ వచ్చి ఖర్జూరాల పెట్టె నా వైపు తోసేవాడు. నాకా వాసన తగిలితే కడుపు తిరిగేది. వద్దనలేక ఒకటి చేతిలో పట్టుకుని గంటలు గంటలు కూర్చునేవాణ్ణి. డాక్టరమ్మ కూడా ఒమానీయే, హిందీ బాగా వచ్చు. రోజూ ఒకే ప్రశ్న అడిగేది. "మీ క్యాంపులో ఇంకెవరికైనా ఉందా? మీ రూమ్‌లో? నీతో తినేవాళ్ళకి?"

"లేదు."

మొదటిరోజు లేదన్నాను. రెండోరోజు లేదన్నాను. మూడోరోజు ఆవిడ పెన్ను పక్కన పెట్టి, నా మొహంలోకి చూసి, మళ్ళీ అడిగింది. లేదన్నాను. చెయ్యి ఇంకా కాలుతున్నట్టే ఉంది. చెబితే ఆయన పోతాడు. చెప్పకపోతే, దేవుడున్నాడు. లెక్క అంత సులువుగా కనిపించింది.

మూడోరోజు శుక్రవారం. అమ్మ వచ్చింది. కూడికకి వెళ్ళకుండా ఇటు రావడం ఆవిడ జీవితంలో అదే మొదలు. పక్కమంచం పెద్దాయన కొడుకు లేచి తన కుర్చీ అమ్మకిచ్చి, బయటికి వెళ్ళి నిలబడ్డాడు. అమ్మ నా కాళ్ళు పట్టుకుని కూర్చుంది.

"ఏమన్నా తిన్నావా నాన్నా?"

"ఖర్జూరం పట్టుకున్నాను."

"ఏడిసావ్." దుప్పటి నా కాళ్ళ మీదికి లాగి, "మావయ్య ఫోన్ చేత్తన్నాడా?" అంది.

"ఆఁ, చేస్తున్నాడు."

"బాగానే ఉన్నాడుగా?"

"బాగానే ఉన్నాడమ్మా."

"దేవుడి దయ" అంది. నా మొహం వైపు చూడలేదు. నేనూ చూడలేదు. ఉన్న మూడు గంటల్లో రెండు గంటలు దుప్పటి అంచు సర్దుతూనే కూర్చుంది. పెద్దావిడ కదా, ఆసుపత్రి అంటే భయం అనుకున్నాను.

నాలుగోరోజు పొద్దున బాషా భాయ్ ఫోన్ చేశాడు.

"సామీ, మీ మామకు ఎండ తగిలిందో ఏమో. రెండు దినాలుగా పగలంతా నిద్ర. ఈ పొద్దు బస్సు కాడ నన్ను చూసి, ఎవరు నువ్వు అన్న్యాడు."

"ఏమన్నాడు?"

"ఎవరు నువ్వు అన్న్యాడబ్బా. ఏడేండ్లుగా ఒకే రూమ్‌లో ఉండాం."

ఫోన్ పెట్టేయకుండానే మంచం దిగాను. చేతికున్న సూది ఊడి రక్తం కారింది. సీన్ బాగానే ఉండేది గానీ వెనక గౌను కట్టుకోలేదు, వార్డంతా చూసింది. డాక్టరమ్మని పట్టుకుని అంతా చెప్పాను. పసరు, నల్లద్దాలు, తొమ్మిది మంది. ఒట్టు సంగతి మాత్రం చెప్పలేదు, హిందీలో దానికి ఏమనాలో తెలిసీ చెప్పలేదు. ఆవిడ తిట్టలేదు. ఫోన్ ఎత్తుతూ ఒక్కటే అడిగింది. "మొదటి రోజే నీకు తెలుసా?"

తల ఊపాను.

మూడు రోజులు

బాషా భాయ్ కంపెనీ బస్సులోనే తీసుకొచ్చేశాడు, అంబులెన్సు కోసం ఆగకుండా, క్యాంప్ బాస్‌ని అడక్కుండా. యాభై సీట్ల బస్సులో ఒక్క పేషెంటు. అందుకు భాయ్‌కి మెమో ఇచ్చారు. ఆయన దాన్ని మడిచి కదులుతున్న మంచం కోడు కింద పెట్టాడు.

నన్ను ఒకసారి లోపలికి పంపారు. ఒక నర్సు నా మూతికి మాస్కు కట్టి, వీపు మీద చెయ్యి వేసి తీసుకెళ్ళింది. మావయ్య రంగు గురించి రాయను. నన్ను చూసి, చెయ్యి గాల్లోకి ఎత్తి, ఫోన్ లైటు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"వరసలో నిలబడు. కళ్ళు సూపించు."

వంగి చూపించాను. నా కింది రెప్ప లాగి, చాలాసేపు చూశాడు.

"నువ్వు ఎల్లచ్చు" అన్నాడు.

బయట కుర్చీల్లో కూర్చుని ప్రార్థన చేశాను. నాకొచ్చిన ప్రార్థనలన్నీ చేశాను. జోకులు వేయలేదు. కావాలంటే ఆ తొమ్మిది మందికీ తిరగబెట్టనీ అన్నాను. అవును, అన్నాను. పేర్లతో సహా అన్నాను. ఇంత నీచమైన ప్రార్థన ఎవరైనా చేసి ఉంటారా అని అడిగితే, ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళందరూ చేసే ఉంటారని నా అనుమానం.

మూడోరోజు పొద్దున ఆయన పోయాడు. ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే అవకాశం ఉండేదేమో అని డాక్టరమ్మ అంది. ఆ 'ఏమో' ఆవిడ నా కోసం వేసింది.

విశ్వాసం పోతే ఉరుములు ఉరుముతాయని మా వాక్యాల్లో చెప్పేవారు. అలాంటిదేం జరగలేదు. ప్రార్థన కుళాయి తిప్పితే నీళ్ళు రాలేదు. అంతే. అలవాటు కొద్దీ ఇంకాసేపు తిప్పాను. తర్వాత మానేశాను.

తర్వాత

ట్యాంకు కడిగించారు, సున్నం వేయించారు. పక్కన నిలబడి ఫోటో కూడా తీయించుకున్నారు. కంపెనీ వాళ్ళు నాకు పళ్ళబుట్ట తెచ్చారు, పైన రిబ్బను. నన్ను ఊరికి పంపలేదు. ఒకే ఇంటి నుంచి ఇద్దరిని పంపితే బాగోదని ఎవరికో అనిపించి ఉంటుంది. మావయ్యని ఊరికి పంపే కాగితాల పని బాషా భాయ్, అమ్మా ఆఫీసుల చుట్టూ తిరిగి పూర్తి చేశారు. అమ్మ ఆ వారంలో ఒక్కసారి కూడా ఏడవలేదు. కూడికలో ప్రతివారం ఏడ్చే మనిషి.

అన్నిటికంటే అసహ్యం పుట్టించింది కూడికలో జరిగిన సంతాప సభ. పసరు పోయించుకున్న తొమ్మిది మందీ వచ్చారు. ఎవరికీ ఏదీ తిరగబెట్టలేదు, అందరూ నిగనిగలాడుతున్నారు. వాళ్ళలో ఒకాయన నిలబడి, "రాజరత్నంగారు మా రోగం తన మీద వేసుకుని మమ్మల్ని బతికించారు" అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. నీళ్ళట్యాంకులో పావురాలు చస్తే, ఒక మనిషి ఆసుపత్రికి వెళ్ళకపోతే, దాన్ని కూడా ఇంత అందంగా మడతపెట్టి పెట్టెలో పెట్టుకోవచ్చని నాకు అంతవరకూ తెలియదు. లేచి బయటికి వచ్చి చెప్పులేసుకున్నాను. ఆ రోజు నుంచి పాట పాడలేదు.

ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా కళ్ళు పచ్చబడితే, పక్కవాడికి పచ్చబడ్డాయని తెలిస్తే, ఎవరి నెత్తి మీద ఏ ఒట్టున్నా సరే, వెళ్ళి డాక్టరుకి చెప్పండి. ఇంటికి పంపేస్తారని భయపడకండి. టికెట్ మీద సీటు నంబరుతో వెళ్ళడం ఒకటి, మావయ్య వెళ్ళినట్టు వెళ్ళడం ఒకటి. ఇంతకంటే బాగా చెప్పడం నాకు రాదు.

అక్టోబరు, శుక్రవారం

ఎండ కాస్త తగ్గింది. అమ్మని కలవడానికి బౌషర్ వెళ్ళాను. కూడికకి వెళ్ళే బస్సు కోసం స్టాపులో కూర్చున్నాం. అమ్మ మొదలుపెట్టింది.

"ఈ వారమన్నా సాక్ష్యం చెప్పరా. రెండు మాటలు చాలు. సచ్చి బతికావు."

"చెప్పనమ్మా."

"ఎందుకని?"

చెప్పేశాను. మావయ్య నా చేత ఒట్టు వేయించుకోవడం, డాక్టరమ్మ మూడు రోజులు అడగడం, నేను లేదనడం, తనొచ్చిన రోజు తనకి కూడా అబద్ధం చెప్పడం, నాలుగోరోజు ఒట్టు తప్పడం. ఒక్క జోకు కూడా లేకుండా చెప్పాను, కావాలంటే అమ్మనే అడగండి. కాదు, అడక్కండి, ఎందుకో ఇప్పుడే తెలుస్తుంది.

అమ్మ రోడ్డు వైపు చూస్తూ విన్నది. బస్సు వచ్చింది. లేవలేదు. బస్సు వెళ్ళిపోయింది.

"నాకు తెలుసు వాడి కళ్ళ సంగతి" అంది. "నువ్వు ఆసుపత్రిలో పడ్డ రోజే ఫోన్ చేసి చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దని నాకూ ఒట్టేయించాడు."

"ఎవరి మీద?"

"నీ మీద."

నా నెత్తి తడుముకున్నాను. ఆవిడే అంది.

"ఆ రోజు నీ మంచం కాడ కూచున్నప్పుడు నోటిదాకా వచ్చింది. వాడు నా తమ్ముడు. నువ్వేమో అట్టా పసుపుముద్దలా పడున్నావు. నేను నోరిప్పితే నీకేమన్నా అవుద్దని." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్ళీ తీసింది. "నేను తప్పలేదురా. కడదాకా తప్పలేదు. నువ్వు లేచి కూచున్నావు."

అందుకు ఆవిడకి సాక్ష్యం కావాలి. నేను నిలబడి, దేవుడు నన్ను బతికించాడు అంటే, ఆవిడ నోరు మూసుకున్నందుకు ఒక అర్థం ఉంటుంది. ఒట్లకి ఏ బలమూ లేదని నేనంటే, అమ్మ తన తమ్ముడి విషయం ఉత్తపుణ్యానికి దాచినట్టు. ఒట్లకి బలం ఉందంటే, మాట తప్పి మావయ్యని చంపింది నేను. ఇద్దరిలో ఎవరో ఒకరు మోయాలి. ఆ బస్‌స్టాపులో నాకు మనుషుల మీదా, దేవుడి మీదా, ఒట్లు కనిపెట్టిన ఆ మొదటివాడి మీదా కలిగిన అసహ్యం, కామెర్లలో కూడా కలగలేదు.

"అమ్మా" అన్నాను.

"ఏం?"

"నువ్వు ఒట్టు నిలబెట్టుకోబట్టే నేను బతికాను."

నా వైపు తిరిగి చూసింది. నేను నిజంగా అంటున్నానా, ఆటపట్టిస్తున్నానా అని చూసింది. పుట్టినప్పటినుంచీ జోకులేసే కొడుకు గదా, ఆవిడ తప్పు కాదు. మొహం కదలనివ్వలేదు. అప్పుడు ఏడ్చింది, నాలుగు నెలల తర్వాత. బౌషర్‌లో శుక్రవారం మధ్యాహ్నం, కార్లన్నీ వెళుతుండగా, గట్టిగా.

దేవుడి గురించి నేను ఇచ్చిన సాక్ష్యం అదొక్కటే. అందులో ఒక్క ముక్క నిజం లేదు. అమ్మకి చదవడం రాదు. మీలో ఎవరైనా ఆవిడకి తెలిసినవాళ్ళు ఉంటే, ఇది చదివి వినిపించకండి.